అతిథులు కారు, ఆడబిడ్డలు



చాలా రోజులుగా ఈ పుటలో ఏమీ వ్రాయలేదు. వ్రాయక తప్పని సంగతి ఒకటి ఎదురైంది గనుక మళ్ళీ కూర్చున్నాను. ఈ టపాలో కొంత కోపం ఉంది. అందులో సగం నా మీద నాకే గనుక సహృదయులు మన్నిస్తారని ఆశ.

మొన్నటి పుష్యమాసంలో ఒక ఉదయం నేలపట్టు చెరువుకట్ట మీద నిలబడి ఉన్నాను. ఆ చోటు ఎరుగనివారి కోసం రెండు మాటలు. జాతీయ రహదారి మీద నాయుడుపేటకూ సూళ్ళూరుపేటకూ నడుమ, దొరవారిసత్రం మండలంలో ఉన్న చిన్న ఊరు నేలపట్టు. ఒకప్పుడు నెల్లూరు జిల్లా. 2022 నుండి తిరుపతి జిల్లా. 1976లో దీనిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 458 హెక్టార్లు. అందులో ఒక చెరువు, ఆ చెరువు నీళ్ళలోనే కాళ్ళూని బతికే కడప చెట్లు, అంచున తుంగా జమ్మూ, వాటి వెనుక ఏడాది పొడుగునా పచ్చదనం వీడని పొట్టి చిట్టడవి. తూర్పున కొంత దూరంలో పులికాట్ సరస్సు, దానికవతల శ్రీహరికోట, ఆ పైన సముద్రం.

ఆ ఋతువులో కడప చెట్లకు ఆకులు ఉన్నాయో లేవో చెప్పలేము. కొమ్మకొమ్మకూ గూడబాతులే. ఇంగ్లీషువారు పెలికన్ అనే పక్షి మన గూడబాతు. గూళ్ళలో తల్లి గొంతు సంచీలోకి తలదూర్చి చేపలు తింటున్న పిల్లలు, పక్క చెట్టు మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు, అడుగు కొమ్మల మీద తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు. వాసన కూడా ఘాటుగానే ఉంటుంది. దానిని దాచి కవిత్వం చెప్పను.

అంతలో ఒక పాఠశాల బస్సు వచ్చి ఆగింది. మాస్టారు పిల్లలను వరుసగా నిలబెట్టి, చేయి చాచి చూపిస్తూ అన్నారు: "చూశారా పిల్లలూ, ఇవన్నీ సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరి వచ్చిన విదేశీ పక్షులు. మన దేశానికి అతిథులు. అతిథి దేవో భవ అన్నారు కదా, అందుకని అల్లరి చేయకుండా చూడాలి." పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. ఒక కుర్రవాడు మాత్రం చేయి ఎత్తి అడిగాడు: "సార్, వాటి ఊరు అక్కడైతే గూడు ఇక్కడెందుకు కట్టుకున్నాయి?"

మాస్టారు "అక్కడ చలి కదరా" అని, వరుస సర్ది, ముందుకు నడిపించారు.

నాకు చప్పున తల దిగిపోయింది. మాస్టారిని తప్పు పట్టి కాదు. ఆయన పత్రికలలో చదివిన మాటే చెప్పారు. తల దిగింది ఎందుకంటే, చాలా ఏళ్ళ క్రితం ఇదే బ్లాగులో, ఇదే చెరువు గురించి, "సైబీరియా నుండి తరలి వచ్చిన శ్వేత అతిథులు" అని వ్రాసినవాణ్ణి నేనే. మిత్రులు కొందరు "అద్భుతం", "కళ్ళకు కట్టారు" అని వ్యాఖ్యలు వ్రాశారు. నేను మురిసిపోయాను. ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్న మాలో ఒక్కరికీ తోచలేదు. మేమందరం పదాలను చూశాము గాని పక్షిని చూడలేదు.

కనుక ఆ అబద్ధాన్ని అందరి ఎదుట విప్పి చెప్పడం నా బాధ్యత.

నేలపట్టులో గూళ్ళు కట్టే గూడబాతు సైబీరియా పక్షి కాదు. దాని జాతి గుడ్లు పెట్టేది భారతదేశంలో, శ్రీలంకలో, కంబోడియా వంటి ఆగ్నేయాసియా దేశాలలో. ఎర్రకాళ్ళ కొంగ కూడా అంతే. ఈ ఉపఖండమూ దానికి తూర్పున ఉన్న ఉష్ణదేశాలే దాని ఇల్లు. నత్తగుల్ల కొంగ వానల వెంట వందల కిలోమీటర్లు తిరుగుతుంది, నిజమే. కాని ఆ తిరుగుడంతా ఈ వెచ్చని నేలల మీదనే. ఇవేవీ మంచుదేశం ముఖం చూసినవి కావు. ఇక్కడే జతకట్టి, ఇక్కడే పుల్లలు ఏరి, ఇక్కడే గుడ్లు పొదిగి, ఇక్కడే పిల్లలకు ఎగరడం నేర్పుతాయి. ఇక్కడ పుట్టిన పక్షిని విదేశీ అనడానికి మనకు నోరెలా వచ్చింది?

సాక్ష్యం కోసం పెద్ద గ్రంథాలు తిరగవేయనక్కరలేదు. పేర్లే చాలు. నత్తగుల్ల కొంగ ముక్కును చూడండి. రెండు దవడల మధ్య సందు ఉంటుంది, పట్టకారు నోరు సరిగా మూసుకోనట్టు. మన వరిమళ్ళలో, చెరువులలో పెరిగే నత్తలను పట్టి, గుల్లలోనుంచి మాంసం లాగడానికి పనికివచ్చే ముక్కు అది. నత్తగుల్ల కొంగ అని పేరు పెట్టిన మన పూర్వుడు దాని చిరునామాను కూడా పేరులోనే వ్రాసిపెట్టాడు. మనం ఆ పేరు మరచి, చిరునామా పోగొట్టి, సైబీరియా అని కొత్త చీటీ అంటించాము. గూడబాతు అన్న మాటా అటువంటిదే. ఇద్దరు మనుషులు చెరోవైపు తాడు పట్టి కాలువలోనుంచి నీళ్ళు చేదే బుట్టను గూడ అంటారు కదా. ఆ పక్షి తన ముక్కు కింది సంచీతో నీళ్ళను చేదడం చూసినప్పుడల్లా నాకు గూడ వేయడమే గుర్తుకు వస్తుంది. ఇది నిఘంటువు చెప్పిన మాట కాదు, నా ఊహ. కాని ఎంత చక్కగా అతికింది!

మరి ఈ సైబీరియా మాట ఎక్కడిది? ఇదీ నా ఊహే. నిజంగానే సైబీరియా నుండి మన దేశానికి వచ్చే తెల్లని పెద్ద పక్షి ఒకటి ఉండేది, సైబీరియా క్రౌంచం. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తరువాత అక్కడ కనబడలేదు. దాని కీర్తి దేశమంతా పాకింది. తెలుగు వాడుకలో క్రౌంచానికీ, బకానికీ, ఈ గూళ్ళు కట్టే పెద్ద పక్షులకూ అన్నింటికీ "కొంగ" అన్న ఒక్క మాటే సరిపోతుంది గనుక, తెల్లగా పొడుగ్గా కనబడిన ప్రతిదీ సైబీరియా కొంగ అయి కూర్చున్నట్టుంది. భరత్‌పూర్‌కు రావడం మానివేసిన పక్షి పేరును మన ఊరిలో పుట్టిన పక్షికి తగిలించి, ఏటా దానికి స్వాగతం పలుకుతున్నాము.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. "ఉత్తరదేశాల నుండి పక్షులు రావడం అబద్ధమా?" అని. కాదు. పులికాట్‌కు శీతకాలంలో సూదితోక బాతులు వస్తాయి. తల మీద రెండు నల్ల పట్టెలున్న పెద్దబాతులు మంగోలియా, టిబెట్టు ప్రాంతాల నుండి హిమాలయాలు దాటి దక్షిణాదికి దిగుతాయి. ఒడ్డున బురదలో గబగబా పరుగెత్తే పిడికెడంత ఉల్లంకులలో కొన్ని ఆర్కిటిక్ తీరంలో గుడ్లు పెట్టి వచ్చినవి. వీటిని వలస పక్షులనడం న్యాయమే. కాని వీటి విషయంలోనూ ఒక లెక్క చూడండి. ఆ చిన్న ఉల్లంకి ఉత్తరాన ఉండేది వేసవిలో రెండు మూడు నెలలే. మిగిలిన ఏడాదిలో ఎక్కువ కాలం మన బురదలోనే, దారిలోని ఇటువంటి బురదలలోనే గడుపుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు మన ఇంట్లో ఉండేవాణ్ణి మనం అతిథి అంటామా?

ఇక పులికాట్‌కు పేరు తెచ్చిన రాజహంసలు. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోట పోయే రోడ్డుకు ఇరువైపులా, మోకాటి లోతు ఉప్పునీటిలో, తల కిందులుగా ముంచి మేస్తూ వేలాదిగా కనబడే ఫ్లెమింగోలు. వీటికి మన దేశంలో పేరుపొందిన గూళ్ళ స్థలం కచ్ రణ్. గుజరాత్ ఏ విధంగా విదేశమో నాకు బోధపడలేదు.

రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. "ఒక మాట అటో ఇటో అయితే వచ్చిన నష్టమేమిటి? ఆ మాయలో పడి జనం వస్తున్నారు, పిల్లలు చూస్తున్నారు. 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. మంచిదే కదా?" మంచిదే. పండుగలకు నేను విరోధిని కాను. కాని నష్టం ఉన్నది, అది చిన్నదీ కాదు. ఆ నష్టం చెప్పడానికే ఈ టపా.

అతిథి అన్న మాటకు మన పెద్దలు చెప్పే వ్యుత్పత్తి తెలిసినదే: తిథి నియమం లేకుండా వచ్చేవాడు. ఈశాన్య ఋతుపవనం వానలు పడి చెరువు నిండగానే, ఆశ్వయుజ కార్తికాలలో, ఏటా తప్పక వచ్చే పక్షికి ఆ మాట వ్యాకరణరీత్యానే చెల్లదు. వ్యాకరణాన్ని వదిలేయండి, ధర్మం చూడండి. అతిథి విషయంలో మన బాధ్యత ఎంత? వచ్చినప్పుడు మర్యాద చేయడం, పోయేటప్పుడు సాగనంపడం. అతడు ఈ ఏడు రాకపోతే మన తప్పు కాదు, అతడికే ఏదో పని పడింది. నేలపట్టులో నీళ్ళు లేక గూళ్ళు పలచబడిన సంవత్సరంలో "ఈసారి సైబీరియా నుండి సరిగా రాలేదు" అని ఎవరైనా అంటే వినడానికి ఎంత హాయి! నేరం దేశాంతరం వెళ్ళిపోయింది. చెరువు కట్టను, కాలువను, కొట్టివేసిన చెట్టును ఎవరూ అడగరు.

ఇది వట్టి ఊహాగానం కాదు. చరిత్ర చూడండి. 1902లో కడప జిల్లా బుచ్చుపల్లెలో ఒక పెద్ద గూడబాతుల స్థావరం నమోదైంది. ఎర్రకాళ్ళ కొంగలతో కలిసి అవి అక్కడ గూళ్ళు కట్టేవి. ఆ తరువాత అది మళ్ళీ ఎవరికీ కనబడలేదు. 1946లో కొల్లేరు ప్రాంతంలో మరొకటి వెలుగులోకి వచ్చింది. సుమారు మూడు వేల గూడబాతులు. 1975 ప్రాంతానికి అదీ లేదు. ఈనాడు కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు మళ్ళీ గూళ్ళు కడుతున్నాయి, సంతోషమే. కాని మనుషులు పాతిన ఇనుప మంచెల మీద కట్టుకుంటున్నాయి. పొరుగున బర్మాలో, సిత్తాంగ్ నదీలోయలో, 19వ శతాబ్దిలో లెక్కకు అందనన్ని ఉండేవని చూసినవారు వ్రాశారు. తరువాత ఆ గుంపులు కరిగిపోయాయి. ఈ పక్షి శాస్త్రీయ నామంలో ఫిలిప్పీన్స్ పేరు ఉన్నది. ఆ దీవులలో నేడు ఆ పక్షి లేదు. పేరు మిగిలింది, పక్షి పోయింది. మనం పేరును కూడా మిగల్చడం లేదు.

బుచ్చుపల్లె గూడబాతులు సైబీరియాకు తిరిగి వెళ్ళిపోలేదు. వాటికి వేరే దేశం లేదు. ఇక్కడ లేకుండా పోవడమంటే వాటికి ఇల్లు లేకుండా పోవడమే.

సాహిత్యప్రియులమైన మనకు ఇందులో ప్రత్యేకంగా సిగ్గుపడవలసిన సంగతి ఒకటి ఉంది. 1946లో ఆ కొల్లేరు స్థావరాన్ని వెలుగులోకి తెచ్చినవారు కె. కె. నీలకంఠన్. వారు మలయాళీ; ఇంగ్లీషు సాహిత్యం బోధించినవారు. తరువాత 1958లో ఇందుచూడన్ అన్న పేరుతో 'కేరళత్తిలె పక్షికళ్' అనే గ్రంథం మలయాళంలో వెలువరించారు. పక్షిశాస్త్రానికే కాక, ఆ భాష వచనానికీ అది గర్వకారణంగా నిలిచింది. కొల్లేరు మనది, గూడబాతు మనది. చూసిన కన్ను మాత్రం పొరుగువారిది. ఇంటికి వచ్చి నా బీరువా తెరిచి చూశాను. హంసలు ఉన్నాయి, చకోరాలు ఉన్నాయి, చక్రవాకాలు ఉన్నాయి. వెన్నెల తాగే పక్షి ఉంది, పాలనూ నీళ్ళనూ వేరుచేసే పక్షి ఉంది. నత్తను తినే పక్షి కోసం అరలన్నీ వెదికాను, నా సేకరణలో దొరకలేదు. లేనివాటిని అంత ప్రేమగా వర్ణించగలిగిన మనం, ఉన్నదాని ఎదుట నిలబడగానే "ఏదో విదేశీ పక్షి" అని చేతులు దులుపుకొంటాము. సైబీరియా అన్నది మనకు భూగోళం కాదు. చూడకుండా తప్పించుకొనే ఉపాయం.

మరి చూసినవారు లేరా? ఉన్నారు. వారు వ్రాయరు, అంతే.

పిల్లల బస్సు వెళ్ళిన తరువాత కట్ట మీద ఒక పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ ఊరి రైతే. నా చేతిలోని బైనాక్యులర్లు చూసి, "ఏం చూస్తా ఉండావు సామీ?" అని పలకరించాడు. "గూడబాతులు" అన్నాను. ఆ మాటకు ఆయన ముఖం విప్పారింది. "ఇవి సైబీరియా నుంచి వస్తాయంటారు కదా పెద్దాయనా?" అని కావాలనే అడిగాను.

"అదేదో మాకు తెలవదు సామీ. మా నాయన చిన్నబిడ్డగా ఉన్నప్పటి నుంచీ ఈడనే గదా ఇవి పిల్లల్ని చేసేది. కాన్పుకి పుట్టింటికొచ్చే ఆడబిడ్డలు సామీ ఇవి. పిల్లలకి రెక్కలొచ్చినాక పోతాయి, మళ్ళా వానకి వస్తాయి. ఈటి రెట్ట కలిసిన నీళ్ళు మడికి పెడితే ఎరువు కొనే పని సగం తగ్గుద్ది. ఈటినెట్ట కొట్టుకుంటాం?"

ఒక జీవితకాలపు పరిశీలన ఆ నాలుగు మాటలలో ఉంది. నేలపట్టు రైతులు ఈ నీటిని పొలాలకు పారించుకొని, బదులుగా ఈ పక్షులను కాపాడుకొంటూ వచ్చారన్నది తెలిసిన సంగతే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ, గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ ఊరివారే కాపు. చట్టం రాకముందే వారికి ఒక ధర్మం ఉంది. ఆ ధర్మానికి ఊతం ఇచ్చినది అతిథి మర్యాద కాదు, చుట్టరికం.

ఆడబిడ్డ అనగానే బాధ్యత ఎలా మారిపోయిందో గమనించండి. పురిటికి వచ్చిన కూతురికి ఒక పూట భోజనం పెట్టి పంపలేము. నెలల తరబడి ఇల్లు ఇల్లుగా ఉండాలి. గూడబాతు గుడ్డు పిల్ల కావడానికి సుమారు నెల. ఆ పిల్ల తన కాళ్ళ మీద తాను బతకడానికి మరి మూడు నుండి ఐదు నెలలు. అంటే కార్తికంలో పెట్టిన గుడ్డుకు ఫాల్గుణం దాటేదాకా చెరువులో నీళ్ళు ఉండాలి, నీటిలో చెట్టు ఉండాలి. తల్లిదండ్రులు ఎగిరి వెళ్ళి మేత తెచ్చే పులికాట్‌లో చేప ఉండాలి. చెరువు మాఘంలో ఎండిపోతే పురిటింట్లోనే బిడ్డ పోయినట్టు. అతిథి రాకపోతే పత్రికలో ఒక వార్త. పుట్టింటికి కూతురు రావడం మానివేస్తే ఆ ఇంటికి అంతకన్న అవమానం ఉంటుందా?

అందుచేత మిత్రులారా, నా విన్నపం చిన్నది. ఇకపై మన బ్లాగులలో "విదేశీ విహంగాలు" అన్న మాట వ్రాసే ముందు ఒక్క క్షణం ఆగుదాము. ఆ పక్షికి గూడు ఉన్నదా అని చూద్దాము. ఉంటే, అది ఈ ఊరిదే. దాని పేరు ఇంట్లో అమ్మమ్మనో, చెరువు దగ్గర చేపలు పట్టేవారినో అడుగుదాము. నిఘంటువుకు ఎక్కని పేర్లు వారి నోట ఉంటాయి. అది వ్రాసుకొందాము. అమెరికాలో ఉన్నవారైనా, హైదరాబాదులో ఉన్నవారైనా, మీ ఊరి చెరువు మీద వాలే పక్షిని గురించి ఒక్క టపా వ్రాయండి. ఉపమానాలు లేకపోయినా పరవాలేదు. చెట్టు పేరు, నెల పేరు, చెరువులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో ఉంటే చాలు.

నా పాత టపాను తీసివేయలేదు. తప్పు కనబడాలి. దాని పైన మాత్రం ఈ రోజే ఒక సవరణ చేర్చాను: "శ్వేత అతిథులు అన్న మాట తప్పు. వీటి పేరు గూడబాతులు. పుట్టింది నేలపట్టులో."

చేయి ఎత్తి అడిగిన ఆ కుర్రవాడు ఎవరో, ఏ ఊరివాడో నాకు తెలియదు. వాడు ఎప్పుడైనా ఈ పుట చదివితే, బాబూ, నీ ప్రశ్నకు జవాబు ఇదే: గూడు ఇక్కడ కట్టుకున్నాయి, ఎందుకంటే వాటి ఊరు ఇదే.